వీధి కనపడే కిటికీ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దాయన ఎవరోగానీ, ఇల్లు గీసి చూడమని మాత్రం అనలేదు. కట్టడంలో ఉండేవి ఇసుక కష్టాలు, సిమెంటు కష్టాలు. చేతిలో డబ్బుంటే సగం తీరిపోతాయి. గీయడంలో వచ్చేవి వేరు. అక్కడ మన బుద్ధుల కొలతలు బయటపడతాయి.

మాది 200 గజాల స్థలం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడుగు. ఉత్తరాన వీధి. ఇంజనీరుగారి దగ్గర్నుంచి మావారు ప్లాను తెచ్చిన సాయంత్రం భోజనాల బల్లమీద పరిచి అందరం చుట్టూ చేరాం. ముందు భాగంలో 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడుగు హాలు. దాని పక్కనే వీధివైపు కిటికీతో 10 అడుగుల చదరపు గది. ఆ గది నాది. ముప్ఫై ఏళ్ళు అద్దె ఇళ్ళలో గోడవైపు తిరిగి వంట చేసినదాన్ని. కుట్టుమిషనూ, నాలుగు పుస్తకాలూ పెట్టుకుని, వీధి చూస్తూ కూచునే చోటొకటి కావాలని నోరు విడిచి అడిగి పుచ్చుకున్నాను.

వెనకవైపు ఆగ్నేయంలో వంటిల్లు. నైరుతి గది అత్తయ్యగారికి. పెద్దవాళ్ళకి నైరుతి శ్రేష్ఠమని సిద్ధాంతిగారు కూడా అన్నారు. గదికి ఆనుకునే స్నానాలగది, కాలు జారని బండలు, గోడకి పట్టుకునేందుకు కమ్మీ. వీధి రొద అసలు వినపడదు. చూసిన చుట్టాలంతా "అత్తగారికి ఎంత బాగా అమర్చావమ్మా!" అని మెచ్చుకున్నారు. అబద్ధమెందుకు, నేనూ కాస్త పొంగాను.

అత్తయ్యగారికి 80 దాటాయి. కళ్ళజోడు తుడుచుకుని, నేను వేలుపెట్టి చూపించిన చోటల్లా ఓపిగ్గా చూశారు. "అంతా బాగుందే అమ్మాయ్. మరి వీధి ఎక్కణ్ణుంచి కనపడుతుంది?" అన్నారు.

"హాల్లోకొచ్చి కూచోవచ్చు కదండీ."

"ఆఁ, అంతేలే" అన్నారావిడ.

ఆ 'అంతేలే' నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. ఆవిడ మోకాళ్ళకి నైరుతి గది నుంచి హాల్లోకి రావడమంటే ఊరెళ్ళి వచ్చినంత పని అని నాకు తెలియదా?

మర్నాడు పక్కన కూచుని అడిగాను. "కోనసీమలో మీ ఇంటికి వీధరుగులుండేవట కదా, అక్కడ కూచునే అలవాటాండీ?"

ఆవిడ నవ్వారు. "అరుగుమీద మీ మావగారూ, ఆయన స్నేహితులూ కూచునేవారు. మండువాలో మా అత్తగారు. నేను వంటింట్లో. వీధిలో మేళం వినపడితే తలుపు సందులోంచి చూసేదాన్ని."

మండువా లోగిలి అంటే మనకెంత మురిపెమో! ఇంటి నడిమధ్య ఆకాశం, నాలుగువైపులా లోపలికి వాలిన పెంకుల చూరు, వానొస్తే ధారకట్టే నీళ్ళు, ముందు బాటసారికి సైతం చోటిచ్చే అరుగులు. అన్నీ నిజమే. దారిన పోయేవాడికి చోటిచ్చిన అరుగుమీద ఇంటి కోడలికి చోటులేదన్న సంగతి మాత్రం మనం దాచుకున్న ఫోటోల్లో కనపడదు.

పోనీ పాతకాలపు ఇళ్ళదే తప్పందామా అంటే, అదీ కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కడుతున్న కొత్త ఇళ్ళకోసం మార్గరెటె షూటె లిహోట్స్కీ అనే ఆవిడ ఒక వంటిల్లు రూపొందించారు. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడుగు. వంటచేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కకట్టి, ఏది ఎక్కడుంటే శ్రమ తగ్గుతుందో చూసి అమర్చారు. దాదాపు 10,000 ఇళ్ళలో పెట్టారట. ఇప్పుడు మనం మోజుపడే గట్టూ, అలమారాల వంటిళ్ళకి అది అమ్మమ్మలాంటిది. ఆడవాళ్ళ కష్టం తగ్గించాలన్నదే ఆవిడ ఉద్దేశం. అయినా తర్వాతి తరం స్త్రీలు ఒకమాట అన్నారు. అడుగులు తగ్గితే తగ్గాయిగానీ, ఒక్కరికే చోటున్న ఆ గదిలో మనిషి ఒంటరిదైపోయిందని.

నా నైరుతి గది అలాంటిది కాదూ? మనిషిని సుఖంగా ఉంచడం, పక్కకి పెట్టడం రెండూ ఒకే గీతతో చెయ్యొచ్చని నాకప్పుడు తెలిసింది. వంటింటికి కనీసం 5 చదరపు మీటర్ల చోటూ, 1.8 మీటర్ల వెడల్పూ ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. గాలికీ, వెలుతురుకీ లెక్కలున్నాయి. ఇంట్లో ఎవరు ఎవరికి కనపడుతూ బతకాలన్నదానికి లెక్క లేదు. అది మనమే వేసుకోవాలి.

సరే, నా గది ఆవిడకి ఇచ్చేస్తానన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "నువ్వు మాత్రం ఏం చూశావే వీధి? ఉంచుకో" అన్నారు. నేను వద్దంటాను, ఆవిడ వద్దంటారు. రెండు రోజులు ఇదే వరస. పైకి మర్యాదగానే ఉన్నా లోలోపల నాకు ఉక్రోషంగా ఉంది. ఇన్నాళ్ళకి చేతికందిన గదాయె! త్యాగం చేశానని మనసులో రాసిపెట్టుకుని ఇస్తే, అది ఇవ్వడం కాదు, వడ్డీకి అప్పివ్వడం. రేపు ఆవిడ ఆ కిటికీ దగ్గర కూచున్నప్పుడల్లా ఏదో ఒక మాటతో ఆ వడ్డీ వసూలు చేస్తానని నా సంగతి నాకు తెలుసు.

ఆ తర్జనభర్జనలో మళ్ళీ ప్లాను ముందేసుకుని కూచుంటే, దర్జాగా పరుచుకున్న హాలు కనపడింది. 280 చదరపు అడుగులు! ఇద్దరాడవాళ్ళం ఒక్క కిటికీ దగ్గర 'నువ్వంటే నువ్వు' అని వంతులు పడుతున్నాం గానీ, హాలుని కాస్త జరగమని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. నాకు మాత్రం తోచిందా?

"నలుగురూ వస్తే ఎక్కడ కూచుంటారు?" అన్నారు మావారు.

"నలుగురూ వచ్చింది సంక్రాంతికి. మళ్ళీ వచ్చేది ఎప్పుడో! మిగతా రోజుల్లో అక్కడ సోఫాలు కూచుంటాయి" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే ఇది మా నాన్నగారి అరుగన్నమాట" అన్నారు.

హాలు ముందు భాగంలోంచి 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడుగున ఒక ముక్క కోశాం. కుట్టుమిషనుకీ, కుర్చీకీ, చిన్న కిటికీకీ సరిపోయింది. అది నాది. పక్కగది అత్తయ్యగారిది. జారని బండలూ, కమ్మీతో సహా స్నానాలగది ఆ గది వెనక్కి జరిగింది. నైరుతి గది సెలవులకొచ్చే పిల్లలకి. సిద్ధాంతిగారు ముందు తల అడ్డంగా ఊపారుగానీ, ఆలోచించి వాయవ్యం కూడా పరవాలేదన్నారు.

సర్దుకోమని అడగాల్సి వస్తే, సర్దుకునే అలవాటున్నవాళ్ళనే అడుగుతాం మనం. వాళ్ళూ వాళ్ళూ సర్దుకుంటే మంచితనమని మెచ్చుకుంటాం. ఎవరు వదులుకోవాలని అడిగేముందు, ఇంతవరకూ ఎవర్ని అడగలేదో చూసుకోవడం న్యాయమేమో. ఏమంటారు?

మొన్న గోడలు కిటికీల ఎత్తుకి లేచాయని అత్తయ్యగారిని తీసుకెళ్ళి, ఆవిడ గదిలో కుర్చీ వేయించాం. కిటికీకి వదిలిన ఖాళీలోంచి వీధి చూశారు. తోపుడుబండి వెళ్ళేదాకా చూశారు. తర్వాత గోడమీద చెయ్యి ఆనించి, "ఎన్నడుగులిది?" అని మేస్త్రీని అడిగారు.

"మూడడుగులు, మామ్మగారూ."

"రెండు చెయ్యి నాయనా. మంచంమీంచి లేవలేని రోజొస్తుంది కదా, అప్పుడూ కనపడాలి."

మేస్త్రీ నా మొహం చూశాడు. అడుగు తగ్గాలంటే నాలుగు వరసలు కొట్టెయ్యాలి మరి. కొట్టెయ్యమన్నాను.