ఆడుపిల్లలు చెడుగుడు ఆడవచ్చునా?

ధ్యానభాగములు: జెకర్యా 8:4-5, 2 సమూయేలు 2:12-17



యెరూషలేము తిరిగి క్షేమమొందు దినమును గూర్చి జెకర్యా ప్రవక్త చెప్పినప్పుడు రెండు గురుతులు చూపెను. ముసలివారు చేతికఱ్ఱ పట్టుకొని వీధులలో నిర్భయముగా కూర్చుందురనుట ఒకటి. ఆ వీధులనిండ మగపిల్లలును ఆడుపిల్లలును ఆటలాడుచుందురనుట రెండవది. ప్రవక్త ఆడుపిల్లలను విడిచిపెట్టలేదు. ఒక ఊరు క్షేమముగా నున్నదో లేదో తెలిసికొనుటకు గోడలు కొలువనక్కరలేదు. ప్రొద్దుగూకు వేళ వీధిలో ఆడుపిల్ల ఆడుచున్నదా యని చూచిన చాలును.

అయితే ఏ ఆట? తొక్కుడుబిళ్ళయైతే ఎవరును ప్రశ్నింపరు. ఇటీవల మా కామవరపుకోట ప్రాంతపు పెద్దలు మమ్మును అడుగుచున్నది వేరొక ఆటను గూర్చి. ఏలూరులో సెయింట్ థెరిసా మహిళా కళాశాల 1953లో ఆరంభమైనది. నాడు మెట్ట పల్లెలనుండి అంత దూరము చదువుకు పోయిన మన పిల్లలు బహు కొద్దిమంది. నేడు ఏలూరు బస్సులోను, తాడేపల్లిగూడెము బస్సులోను పుస్తకముల సంచితో మన సంఘముల పిల్లలు ఉదయముననే కనబడుదురు. వారిలో కొందరు కాలేజీ కబడ్డీ జట్టులలో చేరుచున్నారు. "అయ్యగారూ, ఆడపిల్ల ఇంకో పిల్ల మీద పడి కాళ్ళు పట్టుకుని లాగటమేంటండి? వాక్యం ఒప్పుకుంటుందా?" అని ఒక పెద్ద అడిగెను. ఇది తేలికగా నవ్వి విడువదగిన ప్రశ్న కాదు. తోటివారిమీద బలము ప్రయోగించుట ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు అను గొప్ప ప్రశ్న ఇందులో దాగియున్నది.

ఆట ఎరుగనివారికొరకు నాలుగు మాటలు. కబడ్డీ మన చెడుగుడే. బరిలో జట్టుకు ఏడుగురు. స్త్రీల బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. నడుమ ఒక గీత. ఒకతె కూత పెట్టుచు, ఊపిరి విడువక, ఒంటరిగా ఎదుటివారి నేలలోనికి పోవలెను. 30 సెకనులు మాత్రమే గడువు. ఎవరినైన తాకి గీతకు తిరిగి చేరినయెడల తాకబడినవారు బయటికి పోవుదురు. పట్టుబడి నిలిచిపోయినయెడల తానే పోవును. బయటికి పోయినవారిని మన పల్లెలలో "చచ్చారు" అందురు. తోటివారు పాయింటు తెచ్చినప్పుడు వారు వరుసగా "బతికి" లోనికి వత్తురు. (ఈ మాటలను పట్టుకొని పునరుత్థాన ప్రసంగము చేయవలెనని మాకు ఒకసారి బుద్ధి పుట్టెను గాని, పిల్లల ఆటను పిల్లలకే విడిచితిమి.)

మొదట వస్త్రముల మాట. టీ షర్టు, ట్రాకు ప్యాంటు వేసికొనుట పురుషవేషము కాదా యని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చూపుదురు. పొగాకు తోటలో ఆకు కొట్టు స్త్రీ చీరపై మగవాని చొక్కా తొడుగుకొనుట మనమందరము చూచుచునే యున్నాము. దానికి ఏ పెద్దయు వాక్యము చూపలేదు. పనికి తగిన బట్ట పనికి, ఆటకు తగిన బట్ట ఆటకు. ఆసియా క్రీడలలో స్త్రీల కబడ్డీ 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మొదలైనది. 2010లోను 2014లోను మన దేశపు స్త్రీలే గెలిచిరి. 2018లో జకార్తాలో మనవారిని 27-24తో ఓడించి బంగారు పతకము తీసికొన్నవారు ఇరాను స్త్రీలు. వారు తల మొదలు మడమలవరకు కప్పుకొనియే ఆడిరి. వారికి ఆట నేర్పినది మన దేశస్థురాలు, నాసిక్‌కు చెందిన శైలజా జైన్. కాబట్టి మర్యాదయు బలమును ఒకదానికొకటి శత్రువులు కావు. ఈ సంగతి ఇంతటితో చాలును.

ఇక బలము. స్త్రీకి దేహబలమెందుకని అడుగువారు ఆదికాండము 24వ అధ్యాయము మరల చదువవలెను. పది ఒంటెలు దప్పితీర త్రాగువరకు రిబ్కా బావి మెట్లు దిగుచు ఎక్కుచు నీళ్ళు చేదిపోసెను. ఎన్ని కడవలో లెక్క వ్రాయబడలేదు గాని, నీళ్ళు మోసిన ఏ తల్లియైనను ఆ లెక్క ఊహింపగలదు. సామెతలు 31వ అధ్యాయపు గుణవతి సున్నితమైన చేతులుగలదని ఎక్కడను చెప్పబడలేదు. 17వ వచనములో ఆమె నడుము బిగించి చేతులను బలపరచుకొన్నట్టు చూతుము. మా మెట్టలో గడ్డిమోపు ఎత్తు స్త్రీకిని, కొల్లేటి వైపు చేపల బుట్ట మోయు స్త్రీకిని బలము తగునా యని ఎవరును అడుగరు. ఆ బలము కూలికి పనికివచ్చినప్పుడు తప్పు కానిది, ఆటకు వచ్చినప్పుడు తప్పెట్లగును?

అయితే పెద్దల ప్రశ్న ఇంకను మిగిలియున్నది. ఒంటె బావి వద్ద నిలుచును. మోపు నెత్తిమీద నుండును. కబడ్డీలో బలము తోటి మనిషిమీద పడును. అది వేరు సంగతి కాదా?

అవును, వేరు సంగతియే. బైబిలు దానిని దాచలేదు. గిబియోను కొలను ప్రక్కన అబ్నేరు, యోవాబు ఎదురెదురుగా కూర్చుండి, పడుచువారు లేచి మనయెదుట ఆడుదురుగాక అని యొప్పుకొనిరి. అటు పండ్రెండుగురు, ఇటు పండ్రెండుగురు. ఆట యని పేరు పెట్టిరి. ఒక్కొక్కడు ఎదుటివాని తల పట్టుకొని ప్రక్కలో కత్తి పొడిచెను. ఇరువది నలుగురును ఒక్కసారిగా కూలిరి. ఆ సాయంకాలమునకు అబ్నేరు పక్షమున 360 మంది చచ్చిరి. కూర్చుండి చూచిన పెద్దలిద్దరు గీత గీయలేదు, ఇంతవరకే యని చెప్పలేదు, ఆపుడని లేవలేదు. చాల ప్రొద్దుపోయిన తరువాత, అబ్నేరు కొండమీదనుండి కేకవేసినప్పుడే యోవాబు బూర ఊదించెను. ముందే ఊదియుండినయెడల!

కబడ్డీలో ఆ బూర మొదటినుండియే ఒకరి చేతిలో నుండును. పట్టుకొనుటకు హద్దులున్నవి. జుట్టు పట్టరాదు, బట్ట పట్టి లాగరాదు, కూత ఆపుటకై నోరు మూయరాదు, కాళ్ళతో కత్తెరవలె బిగించరాదు. గోళ్ళు కత్తిరించుకొని రావలెను. పౌలు తిమోతికి రెండవ పత్రిక 2వ అధ్యాయము 5వ వచనములో జెట్టికి నియమమునే జ్ఞాపకము చేసెను. నియమము తప్పినవానికి కిరీటము లేదనెను. జెట్టి మెత్తగా పట్టవలెనని ఆయన చెప్పలేదు. గట్టిగా పట్టుట తప్పు కాదు. గీత వెలుపల పట్టుట తప్పు, ఈల మ్రోగిన తరువాత విడువకుండుట తప్పు.

చెడుగుడుకు దూరపు చుట్టమైన రగ్బీ యను ఆటలో ఇది ఇంకను స్పష్టముగా నున్నది. అందులో బంతిని చంకలో పెట్టుకొని ఎదుటివారి గీత దాటవలెను. ఎదుటివారు నడుమో కాళ్ళో పట్టి పడగొట్టుదురు. చూచువారికి భయము పుట్టును. అయితే పడగొట్టినయామె నేలకు చేర్చిన తక్షణమే చేయి విడువవలెనని చట్టము. మెడ పట్టుకొన్నచో శిక్ష. మన పొరుగున ఒడిషాలోని గిరిజన పల్లెల పిల్లలు ఈ ఆట నేర్చి దేశపు జట్టులో చేరిరి. 2019లో మనీలాలో మన స్త్రీలు సింగపూరును 21-19తో ఓడించి, పదునైదుగురు ఆడు రగ్బీలో దేశమునకు మొదటి గెలుపు తెచ్చిరి.

మా సంఘములోని ఒక చిన్నది ఏలూరులో చదువుచు కాలేజీ జట్టులో ఒక సీజను ఆడినది. ఏ కాలేజీయో ఎవరి బిడ్డయో చెప్పనక్కరలేదు. ఆ యేడు వారి జట్టు గొప్పగా గెలిచినది ఏమియు లేదు. ఆమెకు మోకాళ్ళు గీరుకొనిపోయెను, చిటికెనవ్రేలు కొంచెము వంకరగా మిగిలెను. మేము వారింటికి ప్రార్థనకు పోయినప్పుడు, భయము వేయలేదా యని అడిగితిమి. "మొదట్లో వేసిందండి. నలుగురు మీద పడితే ఊపిరాడదు. కానీ ఈల మోగగానే వదిలేస్తారండి. అదే పిల్ల చెయ్యిచ్చి లేపుతుంది. దెబ్బ తగిలిందా అని అడుగుతుంది. అలా వదిలేస్తారని నాకు తెలియదండి" అని చెప్పెను. గుమ్మమువద్ద చేటతో నిలిచియున్న తల్లి ఆ మాట విని లోనికి వెళ్ళిపోయెను.

అట్లు విడిచిపెట్టుదురని ఆమె ఎందుకు ఎరుగకుండెను? ఇక్కడ మేము మెల్లగా వ్రాయవలసియున్నది. మన యిండ్లలో ఆడుపిల్ల చిన్ననాటనుండి చూచు బలమెట్టిది? జీతమునాడు సారా దుకాణమునుండి వచ్చిన చేతిబలము. దానికి గీత లేదు, గడువు లేదు, ఈల లేదు. అది మొదట పట్టునది జుట్టునే. అది మొదట మూయునది నోటినే. కబడ్డీలో ఏవి దోషములని వ్రాయబడినవో అవియే కొన్ని యిండ్లలో శనివారపు వాడుక. ఆదివారము ఉదయము ఆ స్త్రీ పైటకొంగు మోచేతివరకు లాగుకొని ఆరాధనలో వెనుకవరుసను కూర్చుండును. కాపరులమును పెద్దలమును ఆ కొంగును చూచుచున్నాము. ఆటలో గీరుకొన్న మోకాలినిగూర్చి సంఘకూటములో ఒక గంట మాటలాడితిమి. ఆ మోచేతినిగూర్చి మినిట్సు పుస్తకములో ఒక వరుసయైనను లేదు.

అది భార్యాభర్తల సంగతి యని కొందరందురు. దేశపు చట్టము అట్లనుట లేదు. గృహహింసనుండి స్త్రీలను రక్షించు చట్టము 2005లో చేయబడి 2006 అక్టోబరు 26నుండి అమలులోనున్నది. పార్లమెంటు గీత గీసినది. సంఘము ఇంకను గిబియోను కొలను ప్రక్కన కూర్చుండియున్నది.

కోపము మాట యేమి? ఆటలో కోపము రాదా? వచ్చును. ఆ చిన్నదియే చెప్పెను, ఒకసారి ఎదుటి జట్టు పిల్ల చెప్పరాని మాట అన్నప్పుడు తనకు కన్ను తిరిగినదట. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయము 26వ వచనము కోపము రానేరాదని చెప్పుట లేదు. ప్రొద్దుగ్రుంకువరకు నిలువనీయవద్దని చెప్పుచున్నది. కోపమును 30 సెకనులలో ముగించుకొని తన గీతకు తిరిగివచ్చుట నేర్చినవారు మన ఊరి పంచాయతీలో ఎందరున్నారు?

ఇంకొక సంగతి కలదు. మన పల్లె సంఘములలో చాలమందికి దాని భావము చెప్పకయే తెలియును. మన తాతలు కొన్ని వీధులలో చెప్పులు విడిచి నడిచిరి, దూరముగా నిలిచి దోసిట నీళ్ళు త్రాగిరి. తాకుట యను మాట చుట్టు ఎంత దుఃఖమున్నదో మనమెరుగుదుము. ఈ ఆటయంతయు తాకుటమీదనే యున్నది. తాకకుండ ఎవరును గెలువలేరు. ఏ యింటి పిల్లయైనను ఏ యింటి పిల్ల మడమనైనను పట్టుకొనవలసినదే. తరువాత ఒకే సీసాలోని నీళ్ళు త్రాగవలసినదే. బరి వెలుపల ప్రపంచము మారినదని మేము చెప్పుట లేదు. ఆ సీజనులో ఆమెతో అన్నము తిన్న పిల్లలందరు ఆమెను పెండ్లికి పిలువలేదు. అయినను ఒక యేడు ఆ చేతులు ఆమెను సంకోచము లేక పట్టుకొనెను, సంకోచము లేక విడిచెను. అది ఆమె దేహమునకు తెలియును.

ఆదివారపు పోటీలను గూర్చి కూడ అడిగిరి. ఎరిక్ లిడ్డెల్ అను దైవజనుని కథ మీలో కొందరు వినియుందురు. ఆయన 1922, 1923లలో స్కాట్లాండు పక్షమున రగ్బీ ఆడినవాడు. 1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల పందెపు తొలి పరుగులు ఆదివారము పడినందున ఆ పందెమును విడిచి, 400 మీటర్లలో బంగారు పతకము గెలిచెను. తరువాత చైనాకు మిషనెరీగా వెళ్ళి, జపానువారి నిర్బంధ శిబిరములో 1945 ఫిబ్రవరిలో చనిపోయెను. మన పిల్లలకు ఈ కథలో పారిస్ భాగము మాత్రమే చెప్పుదుము. ఆ శిబిరములో పిల్లలు ఆదివారము తమంతట తామే హాకీ ఆడి, ఆపువారు లేక కొట్టుకొనిరి. ఆ తరువాతి ఆదివారము లిడ్డెల్ తానే మైదానములోనికి వచ్చి రెఫరీగా నిలిచెను. తనకొరకు పరుగెత్తని దినమున పిల్లలకొరకు ఈల పట్టెను. ఆదివారము ఆరాధన మానుకొని ఆడవద్దని మేము పిల్లలకు చెప్పుదుము. అయితే ఆ రెండవ ఆదివారమును కూడ వారికి చెప్పుదుము.

వచ్చు నెలనుండి శనివారము సాయంకాలములు మందిర ఆవరణలో ఆడుపిల్లలు చెడుగుడు ఆడుటకు సంఘకూటము ఒప్పుకొన్నది. నేల దున్ని రాళ్ళేరి ఇసుక పోయవలెను. ట్రాక్టరు ఇచ్చెదమని ఇద్దరు చెప్పిరి. సున్నపు గీతలు ఆ చిన్నదియే కొలిచి గీయును. ఈల ఎవరి చేతికియ్యవలెనని అడిగినప్పుడు పురుషులు ఒకరినొకరు చూచుకొనిరి. వెనుకవరుసనుండి ఆమె తల్లి లేచి, ఆట నియమములు తనకు నేర్పినయెడల తాను పట్టుకొందునని చెప్పెను.