ఊరికే అలా తిరిగొద్దాం

పాత కార్ల ప్రస్తావన వస్తే మనవాళ్ల గొంతులు మారిపోతాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఫెలోషిప్ భోజనాల దగ్గర గమనించండి. అంతసేపూ గ్రీన్‌కార్డు వరసల గురించీ ఇంటి వడ్డీల గురించీ మాట్లాడుతున్న పెద్దమనిషి, పక్కనెవరో "మా ఇంట్లో అంబాసిడర్ ఉండేదండీ" అనగానే చేతిలో ప్లేటు కింద పెట్టేస్తాడు. ఒకరికి స్టీరింగు పక్కన ఉండే గేరు గుర్తొస్తుంది. ఒకరికి ప్రీమియర్ పద్మిని, ఒకరికి మేనమామగారి జీపు. కారు ఏదైనా చివరికి అందరూ చెప్పేది ఒకటే: ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ ఎక్కి ఊరికే అలా తిరిగొచ్చేవాళ్లం.

మా పెద్దవాడికి పదహారేళ్లు. ఈ కబుర్లు విని ఒకరోజు అడిగాడు. "అంతమంది కలిసి అక్కడికి వెళ్లి ఏం చేసేవాళ్లు నాన్నా?"

"ఏమీ చేసేవాళ్లం కాదురా."

"మరి పెట్రోలు తగలెయ్యడం ఎందుకు?"

వెటకారానికి అడిగింది కాదు. భూమి వేడెక్కడం గురించి బడిలో చదువుకున్న పిల్లవాడు. అమెరికాలో వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల్లో పెద్ద వాటా రవాణాదేనని వాడికి తెలుసు. పని లేకుండా కారు తీయడం వాడి దృష్టిలో తప్పు. దానికి "ఆ రోజులే వేరురా" అనడం జవాబు కాదు. అసలు ఆ మాటే వద్దంటాడు ప్రసంగి, ఏడో అధ్యాయంలో. పాత రోజులు ఇప్పటికంటే ఎందుకు బాగుండేవి అని అడగడం తెలివైన పని కాదంటాడు. జ్ఞాపకం పెట్టుకోవద్దని మాత్రం అనలేదు. తూకం వేయకుండా తీర్పు చెప్పొద్దన్నాడని నేను అర్థం చేసుకున్నాను. కాబట్టి తూకం వేద్దాం.

మాది విశాఖపట్నం. నాన్నగారు కొన్నది సెకండ్‌హ్యాండ్ అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాలో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1958లో మొదలుపెట్టి 2014 దాకా తయారు చేసిన బండి అది. ముందు సీటు బల్లలాగా ఒకటే ఉండేది కాబట్టి ముందు ముగ్గురం, వెనక అయిదుగురం, ఎవరి ఒళ్లోనో ఇంకొకరు. సాయంత్రం నాలుగున్నరకు బయల్దేరి సముద్రపు ఒడ్డున భీమిలి దాకా వెళ్లేవాళ్లం. పాతిక, ముప్పై కిలోమీటర్లు. గంటన్నర పట్టేది. మంచి ఎండాకాలంలో అంతకంటే ఎక్కువే. ఇంజను వేడెక్కితే పెట్రోలు పంపులోకి రాకుండానే ఆవిరైపోయి బండి ఆగిపోయేది. అప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి, చల్లారేదాకా చెట్టు కింద కూర్చోవాలి. ఆ గుడ్డ మామ్మ పాత చీర ముక్క. అది కారులోనే ఉండేది.

ఋషికొండ దాటాక తోటలు. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడేవాళ్లం. డచ్చివాళ్ల సమాధుల దగ్గర నాన్నగారు రాళ్ల మీద పేర్లు చదివేవారు, అర్థం కాకపోయినా. వేసవిలో తాటి ముంజలు, మిగతా రోజుల్లో మురీ మిక్చర్. చీకటి పడ్డాక లైట్‌హౌస్ వెలుగు చూసి తిరిగి వచ్చేవాళ్లం. అంతే. నిజంగా ఏమీ చేసేవాళ్లం కాదు.

ఇక తక్కెడలో రెండో పళ్లెం. ఇది మనం ఫెలోషిప్ భోజనాల దగ్గర చెప్పుకోం.

సీటుబెల్టు అన్న మాటే మాకు తెలియదు. ముందు సీట్లో అమ్మ ఒళ్లో చెల్లి, ఎదురుగా ఇనుప డాష్‌బోర్డు. ఏమీ కాలేదు కాబట్టి ఇవాళ నవ్వుకుంటున్నాం. ఏదో అయినవాళ్లు ఈ కబుర్లలోకి రారు. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చేదాకా మనం హాయిగా పీల్చిన ఆ పొగలో సీసం ఉంది. పిల్లల మెదడుకి అది విషం. మా వీధిలో కారున్న ఇల్లు మాదొక్కటే. మేం బయల్దేరుతుంటే అరుగుల మీద నిలబడి చూసే పిల్లలుండేవాళ్లు. కారు వాళ్లకీ పనికొచ్చేది, కాదనను. రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే కేజీహెచ్‌కి తీసుకెళ్లింది మా కారే, రెండు మూడు పెళ్లికూతుళ్లని దింపింది మా కారే. కానీ భీమిలికి వాళ్లు రాలేదు. మన "బంగారు రోజులు" ఆ పిల్లలకి ఏ రంగులో గుర్తున్నాయో ఎవరూ అడగరు.

ఇంకా దూరం పోతే, అమెరికావాళ్ల ఆదివారపు షికార్ల కథ ఒకటుంది. ఇది మలేషియాలో మన పత్రిక చదివేవాళ్లకి కొంచెం దగ్గరగా తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఫిబ్రవరికల్లా మలయా, సింగపూర్ జపాను చేతికి పోయాయి. దాంతో రబ్బరు రావడం ఆగింది. టైర్లకి కటకట. పెట్రోలుకి రేషను పెట్టారు. 1943 జనవరిలో ఇక్కడి తూర్పు తీర రాష్ట్రాల్లో సరదాకి కారు నడపడాన్నే నిషేధించారు. ఇల్లినాయిలోనో వర్జీనియాలోనో ఓ కుటుంబం ఆదివారం హాయిగా తిరగడానికి కారణమైన ఆ రబ్బరు చెట్లకి గాట్లు పెట్టి పాలు తీసినవాళ్లలో, తోటల మీదికి కూలికి వెళ్లిన మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లకి ఆదివారం షికారు ఎక్కడిది? ఒకరి తీరుబడి కింద ఇంకొకరి చెమట ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇదంతా విన్నాక మా అబ్బాయి గెలిచినట్టే కనిపిస్తుంది. అయినా తక్కెడ ఒకవైపే ఒరిగి ఉండిపోలేదు. కారణం మా అమ్మ.

ఇంట్లో అమ్మ కూర్చోవడం మేం చూడలేదు. ఆదివారమంటే మరీను. తెల్లవారుజామున లేవడం, మమ్మల్ని తయారు చేయడం, ఆరాధన, మధ్యాహ్నం భోజనానికి అయ్యగారో ఇంకెవరో, తర్వాత గిన్నెలు. షికారుకి కూడా పులిహోర కలిపేదీ, ఫ్లాస్కులో కాఫీ పోసేదీ ఆవిడే. ఇది కూడా రెండో పళ్లెంలో వేయాల్సిందేగా అంటారా? నేనూ అలాగే అనుకుని మొన్నీమధ్య ఫోనులో అడిగాను, "అంత చాకిరీ చేసి రావడం నీకు విసుగనిపించేది కాదా అమ్మా?" అని. ఆవిడ వెంటనే అంది: "కారెక్కితేనే కదరా నేను కూర్చునేది. కదిలే కారులో నన్ను లేచి మంచినీళ్లు తెమ్మని ఎవరడుగుతారు?"

గంటన్నర వెళ్లడం, గంటన్నర రావడం. వారం మొత్తానికి ఆవిడకి దొరికిన మూడు గంటలు అవి. బండి ఆగిపోతే ఇంకో అరగంట. అంబాసిడర్ మొరాయించినప్పుడు ఆవిడ ఎప్పుడూ ఎందుకు విసుక్కోలేదో నాకు ఇన్నేళ్లకి తెలిసింది!

నాన్నగారి సంగతి ఇంకో రకం. ఇంట్లో ఆయన ముభావి. మా ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే ఆయనకీ ఇబ్బందే, మాకూ భయమే. స్టీరింగు పట్టుకుంటే మాత్రం మాటలు వచ్చేవి. తాతయ్యకి వచ్చిన జబ్బు తగ్గేది కాదని నాకు మొదట చెప్పింది ఆయనే, ఎండాడ దగ్గర, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. పక్కపక్కన కూర్చుని ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నప్పుడు బరువైన మాట సులువుగా బయటికి వస్తుంది. ఫిలిప్పు, ఐతియోపీయుడైన ఆ అధికారి రథమెక్కి పక్కన కూర్చున్న సంగతి చదివినప్పుడల్లా నాకు ముందు ఆ కూర్చోవడమే కనిపిస్తుంది. అంత పెద్ద ఉద్యోగి తనకి అర్థం కావడం లేదని ఓ అపరిచితుడితో ఒప్పుకోవడానికి, రథం అరణ్యమార్గంలో పోతూ ఉండటం కూడా కొంత సాయం చేసి ఉంటుందని నా ఊహ. వ్యాఖ్యాన గ్రంథాల్లో ఇది ఉండదు లెండి.

విశ్రాంతిదినం గురించి ద్వితీయోపదేశకాండంలో ఉన్న ఆజ్ఞ ఒక్కసారి తీసి చూడండి. విశ్రాంతి ఇంటి యజమానికి మాత్రమే ఇచ్చి ఊరుకోలేదు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఊళ్లో ఉన్న పరదేశి, ఇలా జాబితా సాగుతుంది. నీతోపాటు నీ దాసుడికీ దాసికీ అలుపు తీరాలని కారణం కూడా చెప్పింది. నాకు దొరికిన తూకపురాయి ఇది. ఓ సెలవు సాయంత్రం మంచిదా కాదా అనేది ఎంత పెట్రోలు ఖర్చయిందన్న దాంతోనే తేలదు. ఎంత సరదాగా గడిచిందన్న దాంతోనూ తేలదు. ఆ బండిలో ఎవరికి అలుపు తీరింది, ఎవరి అలుపు మీద తీరింది, ఈ రెండూ అడగాలి. జీతానికి డ్రైవరున్న ఇళ్లలో ఆదివారం షికారు ఆ డ్రైవరు ఇంటికి ఆదివారం లేకుండా చేసేది. మా ఇంట్లో అమ్మకి ఆదివారం ఇచ్చింది. రెండూ ఒకే రోడ్డు మీద, ఒకే రకం కారులో.

మా వాడితో ఇంకో లెక్క కూడా వేశాను. పోయిన శనివారం మా ఇంట్లో రెండు కార్లు కలిపి నూట పది మైళ్లు తిరిగాయి. వాడి సాకర్, చెల్లి తెలుగు తరగతి, కాస్ట్‌కో, నా పాటల ప్రాక్టీసు. ప్రతి ప్రయాణానికీ పని ఉంది, ప్రతి కారులోనూ ఒకరో ఇద్దరో ఉన్నారు, నలుగురం ఒకే కారులో లేం. ఫోను చేరే సమయం ముందే చెప్పేస్తుంది, రెండు నిమిషాలు ఆలస్యమైతే ఎర్రగా చూపిస్తుంది. రెండవ రాజులు గ్రంథంలో కావలివాడు దూరం నుంచే రథం తోలే తీరు చూసి యెహూ అని పోల్చుకుంటాడు. శనివారం ఉదయం మా వీధి చివర కావలివాడిని పెడితే నన్నూ అలాగే పోల్చుకుంటాడు. అంబాసిడర్ ఎనిమిదిమందిని ఊరికే తిప్పడానికి కాల్చిన పెట్రోలుకంటే, మేం నలుగురం పనుల మీద విడివిడిగా కాల్చింది ఎక్కువే. వాడు కాసేపు ఆలోచించి, "అయితే శనివారం పనులు తగ్గించాలి కానీ, ఆదివారం షికారు పెంచడం దేనికి?" అన్నాడు. న్యాయమైన మాట. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సాకర్ ప్రాక్టీసుకి పక్కింటి అబ్బాయితో కలిసి ఒకే కారులో వెళ్లడానికి ఒప్పుకున్నాడు, నెలకోసారి ఊరికే తిరగడానికి నేను అనుమతి సంపాదించాను.

మేముండే షార్లెట్ నుంచి రెండు గంటల్లో బ్లూ రిడ్జ్ పార్క్‌వే చేరుకోవచ్చు. 469 మైళ్ల రోడ్డు. ఆర్థిక మాంద్యంలో జనానికి పని కల్పించడం కోసం 1935లో మొదలుపెట్టారు, పూర్తయ్యేసరికి 1987 అయింది. లారీలకి ప్రవేశం లేదు. గంటకి 45 మైళ్లు దాటకూడదు. త్వరగా చేరడానికి వేసిన రోడ్డు కాదు అది, నెమ్మదిగా పోవడానికే వేసింది. పోయిన ఏడాది అమ్మ ఆరు నెలల వీసా మీద వచ్చినప్పుడు నయాగరా చూపించాం, వాషింగ్టన్ చూపించాం. "బాగుందిరా" అంది రెండుచోట్లా. ఒకరోజు మాత్రం తనే అడిగింది, "ఎక్కడికీ వద్దు గానీ, ఊరికే అలా తిప్పరాదూ?" అని. మన ఇళ్లలో అమ్మమ్మలూ తాతయ్యలూ వారమంతా ఎవరి రాక కోసమో ఎదురుచూస్తూ కిటికీ దగ్గర కూర్చుంటారు. ఇక్కడ వాళ్లకి కారు నడపడం రాదు, నడిచి వెళ్లడానికి దుకాణం ఉండదు. అది కూర్చోవడమే, కానీ విశ్రాంతి కాదు. పార్క్‌వే మీద ఆవిడ వెనక సీట్లో మనవడి పక్కన కూర్చుంది. పొగమంచులో కొండలు నీలంగా కనబడుతుంటే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తాతయ్య గురించి వాడికి చెప్పడం మొదలుపెట్టింది. నాకు తెలియని సంగతులు కూడా కొన్ని చెప్పింది. వాడు ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మన సంఘంలో ఈ సెలవులకి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఎనిమిదిమంది ఉన్నారని మొన్న ప్రార్థనలో తెలిసింది. ఆరాధన అవ్వగానే వాళ్లని హైవే మీద ఇరవై నిమిషాల్లో ఇంటికి చేర్చేస్తున్నాం. పాత రోడ్డు మీద వెళితే నలభై అయిదు నిమిషాలు, దారిలో చెరువు కూడా ఉంది. వచ్చే ఆదివారం భోజనాల తర్వాత మా వ్యానులో మూడు సీట్లు ఖాళీ. పులిహోర ఈసారి నేనూ మా అబ్బాయీ కలుపుతాం, ఉప్పు సంగతి ముందే క్షమించేయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ముందు సీటు.