ఉదయమున మొదటి తలంపు



కోడి కూయకమునుపే మనలో అనేకులకు మెలకువ వచ్చును. కన్ను తెరచిన వెంటనే అప్పు మీది వడ్డీయు, ఎండిన మడియు, మంచము పట్టిన బిడ్డయు మనస్సున నిలుచును. ప్రొద్దు పొడవకముందే మనము అలసిపోవుదుము.

విలాపవాక్యముల గ్రంథమును తెరచి చూతము. క్రీ.పూ. 586 ప్రాంతమున బబులోనువారు యెరూషలేమును పట్టుకొని, దేవాలయమును కాల్చివేసిరి. పసిబిడ్డలు ఆకలికి ఏడ్చినను పెట్టువారు లేకపోయిరి. 3వ అధ్యాయములో ఆ భక్తుడు మొదటి 20 వచనములు తన బాధనే చెప్పుకొనెను. 21వ వచనమున ఒక సంగతిని తానే జ్ఞాపకమునకు తెచ్చుకొని, ఆశ పొందెను. దేవుని కనికరము ప్రతి ఉదయమున క్రొత్తదై వచ్చుచున్నదన్నదే ఆ సంగతి.

అప్పటికి పట్టణము ఇంకను పాడుగానే యుండెను. 4, 5 అధ్యాయములలో అతడు మరల ఏడ్చెను. కాబట్టి నిరీక్షణగలవాడు కన్నీరు దాచుకొననక్కరలేదు. కష్టమునకు ముందుగా దేవుని తలంచిన చాలును.

రేపు ఉదయమున మంచము దిగకముందే, నిన్న పొందిన ఒక్క మేలును పేరుపెట్టి స్తుతింతము. పిమ్మట అప్పును, మడిని, బిడ్డను ఆయన యెదుట పెట్టుదము. అప్పిచ్చినవాని యెదుటికి పోయి నిజము చెప్పుటకును, బిడ్డను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవుటకును మనకు ధైర్యము కావలెను. ఆ దినమునకు చాలినంత ధైర్యమును ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.