నాయకుని కాయకము



శరణుల కాయకములు కంటికి కనిపించునవి. మడివాళ మాచయ్య ఉతికిన వస్త్రము తెల్లనై కనిపించెను. నులియ చందయ్య పేనిన త్రాడు చేతికి అందెను. మేదర కేతయ్య అల్లిన బుట్టలో ధాన్యము నిలిచెను. అంబిగర చౌడయ్య పడవ నడుపగా జనులు ఆవలి యొడ్డు చేరిరి. సాయంకాలమున ఎవరైనను వచ్చి "నేడు నీవు చేసిన పని యేది?" అని అడిగినచో వారు చేయి చాచి చూపగలిగెడివారు.

నేడు వీరశైవ కుటుంబములయందు జన్మించిన యువతీయువకులు పలువురు హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను, అమెరికా దేశమునను కంప్యూటరు కంపెనీలలో పనిచేయుచున్నారు. వారిలో కొందరు పరిశోధక బృందములకు నాయకులైనారు. అట్టివానిని ఇంట తల్లి "నాయనా, నీవు రోజంతయు చేయు పని యేమిటి?" అని అడిగినచో అతడు తడబడును. "పదిమందితో మాటలాడుదును" అని చెప్పును. "మాటలాడుట పనియా?" అని ఆమె ఆశ్చర్యపడును. ఆ ప్రశ్న అమాయకమైనదిగా తోచినను చిన్నది కాదు. చేతితో ఏమియు చేయనివాని జీవనము కాయకమగునా? లేక అది జీతమునకై చేయు అధికారము మాత్రమేనా? దీనికి సమాధానము కావలెనన్న అట్టి నాయకుని దినచర్యను శ్రద్ధగా చూడవలెను.

ప్రాతఃకాలమున స్నానమాచరించి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరస్థలమున నిలిపి పూజించిన పిదప భక్తుడైన నాయకుని దినము ప్రారంభమగును. కార్యాలయము చేరిన వెంటనే రాత్రియంతయు యంత్రములపై నడచిన ప్రయోగముల ఫలితములను చూచును. ఒకరి ప్రోగ్రాము నడుమ ఆగిపోయియుండును. మరియొకరికి అంకెలు ఆశించినదానికంటె మిక్కిలి బాగుగా వచ్చియుండును. అనుభవము గల నాయకుడు మొదటిదానికంటె రెండవదానినే ఎక్కువ జాగ్రత్తతో పరిశీలించును. ఏలయన, పరీక్షకై వేరుగా ఉంచవలసిన సమాచారము పొరపాటున శిక్షణలో కలిసినచో, ప్రశ్నపత్రమును ముందే చూచిన విద్యార్థివలె ఆ యంత్రము నూటికి నూరు తెచ్చుకొనును. అది విద్య కాదు. ఆ పొరపాటును బయటపెట్టినచో పై అధికారులకు చూపవలసిన మంచి ఫలితము చేజారును. బయటపెట్టకున్నచో ఎవ్వరికిని వెంటనే తెలియదు. శరణులు కాయకమునకు సత్యశుద్ధమను విశేషణమును చేర్చినది ఇట్టి ఘడియ కొరకే. ధర్మరహితముగా వచ్చిన ఫలము ఎంత పెద్దదైనను లింగార్పితము కానేరదు.

పిమ్మట అతడు బృందములోని వారితో ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చుండును. ఒక యువకుడు మూడు మాసములు శ్రమించిన మార్గము ఫలింపలేదు. అతని ముఖము వాడియున్నది. "ఆపివేయుము" అనుట సులభము. "ఇంకను ప్రయత్నింపుము" అనుట మరింత సులభము. ఆ శ్రమవలన ఏది తేలినదో, ఏది తేలలేదో అతనిచేతనే చెప్పించి, నిర్ణయము అతని నోటనే వెలువడునట్లు చేయుట కష్టము. ఫలింపని మార్గము ఫలింపదని నిశ్చయముగా తెలియుట కూడ పరిశోధనలో లాభమే. ఆ మాటను యువకునకు ఓదార్పుగా గాక సత్యముగా తెలియజేయుట నాయకుని పని.

మధ్యాహ్నమున పై అధికారులు పిలుతురు. "ఈ పరిశోధన అమ్మదగిన వస్తువుగా ఎప్పుడు మారును?" అని వారు అడుగుదురు. అతడు బృందము కొరకు యంత్రములను, ధనమును, కాలమును అర్థించును. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారియై యుండెను. రాజు శంకించి లెక్క చూపుమన్నపుడు భండారము పూర్ణముగా ఉన్నదని బసవపురాణ కథ. పాల్కురికి సోమనాథుడు తెనుగువారికి అందించిన ఆ కథ నేటి నాయకునకును వర్తించును. పరుల ధనమును పరుల కార్యమునకై పట్టుకొన్నవాడు ప్రతి కాసునకు లెక్క చెప్పగలిగియుండవలెను.

సాయంకాలమున బృందము వ్రాసిన వ్యాసములను చదివి దిద్దును. ఎవరి పేరు ముందు ఉండవలెను, ఎవరి పేరు విడిపోయినది అని విచారించును. దీపములు వెలుగు వేళకు లేచి చూచుకొనగా, ఆ దినమున అతడు ఒక్క పంక్తి ప్రోగ్రామైనను వ్రాసియుండడు. మరి అతని కాయకమెక్కడ?

ఈ ప్రశ్నకు కంప్యూటరు చరిత్రయే ఒక సమాధానము చెప్పుచున్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పాలో ఆల్టో అను పట్టణమున జిరాక్స్ కంపెనీవారు 1970లో ఒక పరిశోధన కేంద్రమును స్థాపించిరి. అందలి కంప్యూటరు శాస్త్ర ప్రయోగశాలను తీర్చిదిద్దినవాడు రాబర్ట్ టేలర్. ఆయన చదివినది మనస్తత్వ శాస్త్రము. ఆయనకు డాక్టరేటు లేదు. అయినను ఆ కేంద్రమునుండి 1973లో ఆల్టో అను యంత్రము వెలువడెను. ఒక్క మనిషి తన బల్లవద్ద ఉంచుకొని, తెరపై చిత్రములను చూచుచు, మౌసుతో నడుపుకొనదగిన కంప్యూటరు అది. యంత్రములను ఒండొంటితో కలుపు ఈథర్నెట్ పద్ధతియు ఆ సంవత్సరముననే అక్కడ రూపొందెను. ఆల్టో యంత్రమునకు రూపకల్పన చేసినవాడు చార్లెస్ థాకర్. దానికి ప్రేరణయైన ఆలోచనలలో బట్లర్ లాంప్సన్, అలన్ కే మొదలగువారి పాలు పెద్దది. టేలర్ యంత్రమును కట్టలేదు, ప్రోగ్రామును వ్రాయలేదు.

ఆయన చేసినదేమనగా, వారమునకొకసారి అందరిని ఒక గదిలో చేర్చెను. ఆ సమావేశమునకు "డీలరు" అని పేరు. పేకాటలో ముక్కలు పంచువాడని దాని యర్థము. ఆ దినమున మాటలాడువాడే ముక్కలు పంచువాడు. చర్చకు నియమము అతనిదే. గింజలు నింపిన సంచులవంటి మెత్తని ఆసనములపై అందరును కూర్చుండి అతని ఆలోచనను నిర్దాక్షిణ్యముగా పరీక్షించెడివారు. అచట వివాదములు పుట్టుట సహజము. టేలర్ వివాదములను రెండు తరగతులుగా విభజించెను. మొదటి తరగతిలో ఒకని వాదమును మరియొకడు, ఆ వాదియే ఔనని ఒప్పుకొనునట్లు, వివరింపలేడు. రెండవ తరగతిలో ఇరువురును ఎదుటివాని వాదమును అతనికి తృప్తి కలుగునట్లు వివరింపగలరు, అయినను ఏకీభవింపరు. మొదటి తరగతి వివాదమును రెండవ తరగతికి చేర్చుటయే ఆయన తన పనిగా భావించెను. ఎవరు గెలిచిరని తీర్పు చెప్పుట ఆయన లక్ష్యము కాదు. ఒకనిని మరియొకడు నిజముగా వినునట్లు చేయుటయే లక్ష్యము.

ఈ వృత్తాంతమును చదువు శరణులకు కల్యాణమునందలి అనుభవ మంటపము తలపునకు రాకమానదు. చాకలి, పడవవాడు, త్రాళ్లు పేనువాడు, రాజమంత్రి ఒక్క సభలో కూర్చుండి ప్రశ్నించుకొనిన స్థలమది. అల్లమప్రభువు అక్క మహాదేవిని కఠినమైన ప్రశ్నలు అడిగెను. ఆమె నిర్భయముగా సమాధానము చెప్పెను. సభ ఆమెను గౌరవించెను. వయస్సుగాని, కులముగాని, స్త్రీ పురుష భేదముగాని అచట వాదమునకు బలమీయలేదు. సభను కూర్చినవాడు బసవేశ్వరుడు. ఆయన మంత్రి. ధనము ఆయన చేతిలో ఉన్నది. అయినను శూన్యసింహాసనముపై ఆయన కూర్చుండలేదు. దానిని అల్లమప్రభువునకు సమర్పించెను. ఆ యాసనమునకు శూన్యమని పేరుండుటలోనే బోధ కలదు. నేను అనునది లేనివానికే ఆ పీఠము తగును. పంచాచారములలో భృత్యాచారమొకటి. శివశరణులందరికిని తాను సేవకుడనని భావించి నడచుట భృత్యాచారము. నాయకత్వమనునది భృత్యాచారమునకు పరీక్షాస్థలము. సేవకుడనని సేవకుడు చెప్పుకొనుటలో విశేషము లేదు. పీఠమెక్కినవాడు అట్లు నడచుకొనుట విశేషము.

టేలర్ శరణుడని గాని, లోపములు లేనివాడని గాని భావింపరాదు. పై అధికారులతో ఆయనకు పొసగలేదు. ఆ కలహము ముదిరి 1983లో ఆయన ఆ కేంద్రమును విడిచెను. కాని ఆయన వెంట బృందములోని పలువురు బయలుదేరి, ఆయన మరియొక కంపెనీలో నెలకొల్పిన ప్రయోగశాలకు చేరిరి. బృందముతో ఆయనకు గల సంబంధమునకు అదియే సాక్ష్యము.

దీనికి విరుద్ధమైన కథయు ఆ చరిత్రలోనే కలదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున బెల్ ప్రయోగశాలలో 1947 డిసెంబరు 16న జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ అను ఇరువురు మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించిరి. నేటి ప్రతి కంప్యూటరునకును అదియే మూలము. వారి బృందమునకు నాయకుడు విలియం షాక్లీ. ఆయన మేధావి, సందేహము లేదు. కాని తన బృందము గెలిచిన దినమున ఆ గెలుపు తన చేతిమీదుగా జరుగలేదని ఆయన మనస్సు నొచ్చెను. పట్టుదలతో ఒంటరిగా కూర్చుండి, కొన్ని వారములలోనే మరింత మేలైన ట్రాన్సిస్టరును ఊహించెను. లోకమునకు చూపిన ప్రచార చిత్రమున పరికరముల ముందు కూర్చున్నవాడు షాక్లీ. దానిని సాధించిన ఇరువురును వెనుక నిలబడియున్నారు. 1951లో బార్డీన్ ఆ ప్రయోగశాలను విడిచెను. 1956లో ముగ్గురికిని నోబెల్ బహుమతి వచ్చెను. ఆ యేడాదియే షాక్లీ కాలిఫోర్నియాలో సొంత ప్రయోగశాల నడుప నారంభించి, ప్రతిభావంతులైన యువకులను చేర్చుకొనెను. వారిని నమ్మలేకపోయెను. ఒక సందర్భమున అబద్ధమును పట్టు యంత్రముతో వారిని పరీక్షింపగోరెను. 1957లో ఎనమండుగురు కలిసి ఆయనను విడిచి వేరుగా సంస్థను స్థాపించిరి. బుద్ధిలో షాక్లీకి కొరత లేదు. ఆసనము శూన్యము కాలేదు, అదియే కొరత.

ఇచట ఆయ్దక్కి లక్కమ్మ కథను స్మరింపవలెను. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇది ఆశవలన వచ్చినదని గుర్తించి, ఎక్కువైన దానిని తెచ్చిన చోటనే వేసి రమ్మని భర్తను పంపెను. నాయకునకు దక్కు కీర్తియు అట్టి బియ్యమే. పదిమంది శ్రమ గింజలు అతని వాకిట రాలును. తాను ఏరినవి ఎన్ని, ఇతరులు ఏరినవి ఎన్ని అని సాయంకాలమున అతడు విడదీయవలెను. ఇతరుల గింజలను వారి పేరున వారికి చేర్చవలెను. వ్యాసముపై ఒక యువతి పేరును విడిచినచో ఆమెకు రావలసిన పదోన్నతి రాకపోవును. అది చిన్న పొరపాటు కాదు; ఒకరి అన్నమును వేరొకరు తినుట.

కావున మొదటి ప్రశ్నకు సమాధానమిది. నాయకుని కాయకము కంటికి కనిపించదు. ఇతరుల కాయకము సాగుటయే దానికి గుర్తు. అతడు కలిపిన మాటలవలన ఇద్దరు ఒకరినొకరు వినిరా, అతని రక్షణవలన ఒక సత్యము బయటకు వచ్చెనా, అతని సాయమువలన ఒక యువకుడు తనంత తాను నిలిచెనా అని చూడవలెను. అవి జరిగినచో అతని మాటలే కాయకము. ఆ ఫలమును పదిమందికి పంచుటయే దాసోహము. జరుగకున్నచో ఎంత జీతము వచ్చినను అది ఉద్యోగము మాత్రమే.

ఇంటిలోని పెద్దలును తమ ప్రశ్నను మార్చుకొనవలెను. దూరదేశమునుండి బిడ్డ మాటలాడినపుడు జీతమెంత పెరిగినదని అడుగుట వాడుకయైనది. "నీ క్రింద పనిచేయువారు క్షేమముగా ఉన్నారా? వారి పేరు వారికి దక్కినదా?" అని తల్లియైనను, తండ్రియైనను అడిగినచో ఆ బిడ్డ ఆ రాత్రి ఇష్టలింగమును కరస్థలమున నిలుపునపుడు తన దినమును నిజాయితీతో చూచుకొనును. అట్లు చూచుకొనువానికి కార్యాలయమే కల్యాణమగును.