శిల కరగు విధము



ప్రతి యుపాసనయందును మనము "తండ్రీ, మా శిలాహృదయములను గరగింపుము" అని వేడుకొనుచున్నాము. శిల యెట్లు కరగునో విచారించినవారు మనలో నరుదు. చాలినంత వేడిమి తగిలినచో నేదియైనను కరగునని మన తలంపు. అందుచేతనే మన యుపన్యాసముల వేడిని నానాటికి హెచ్చించుచున్నాము. సర్వేశ్వరుడు భూగర్భమున వ్రాసియుంచిన నియమము వేఱుగా నున్నది.

హైదరాబాదు పరిసరములందలి గ్రానైటు గుండ్లను మీరందఱును చూచినవారే. అవి సుమారు 250 కోట్ల యేండ్లనాటివి. వానియందలి పలుగురాయి యొంటరిగా కరగుటకు సుమారు 1700 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. అదియే ఫెల్డుస్పారుతో గలసి, భూమి లోతున నీటి సాంగత్యమును గూడ బడసినచో 700 డిగ్రీలకు లోపుననే కరగ నారంభించును. "ఇంటనే ధ్యానము చేసికొందుము, సమాజమందిరమునకు రానేల?" యని యడుగు పెద్దలకు మేమింతకంటె నుత్తరము చెప్ప నక్కఱలేదు.

మేము ముఖ్యముగా విన్నవింపదలచినది మిక్కిలి లోతునందలి శిలనుగూర్చి. మహాసముద్రముల యడుగున సుమారు 100 కిలోమీటర్ల లోతున శిల 1300 డిగ్రీల వేడితో నుండియు ఘనముగానే యున్నది. అదే శిల భూతలమున నున్నచో 1200 డిగ్రీలకు ముందే కరగ నారంభించును. కరగిన శిలకు చోటెక్కువ కావలెను. పైబరువు ఆ చోటు నీయదు. ఇంగె లేమన్ అను డెన్మార్కు దేశపు విదుషి 1936లో భూకంప తరంగములను పరిశీలించి కనుగొనిన భూమి యంతర్గర్భమైతే సుమారు 5000 డిగ్రీల వేడియందును గట్టి లోహమే. అట్లాంటిక్ సముద్రమధ్యమున పైకి వచ్చు శిల మాత్రము, క్రొత్తగా నొక్క నిప్పుకణికయైన జేరకయే, బరువు తగ్గుటచేతనే కరగుచున్నది.

కావున, సభలో కన్నీరు పెట్టి, తన కూతురు అన్యకులస్థుని వరించినప్పుడు వెనుదీయు గృహస్థునకు వేడి లేదని మేమనజాలము. వెలి భయము, తల్లి నిరాహారము, పెండ్లి కావలసిన చెల్లెండ్రు, ఇవి యాతనిపైనున్న బరువులు. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున ప్రథమ వితంతు వివాహము జరిపించిన వీరేశలింగము పంతులుగారు వ్రాతలతో నిలువక, దంపతులకు అండగా నిలిచిరి; పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. అది బరువు దింపుట. మఱి మన యింటి కోడలిపై, మన వంటవానిపై నున్న బరువెవరు? అనేక గృహములలో నది మనమే.

బరువుచేతనే మంచు కరగునుగదా యని కొందఱనవచ్చును. నిజమే, మంచు కరగినప్పుడు కుంచించుకొనును గనుక నొత్తిడి దానికి సాయపడును. విలియం థామ్సన్ 1850లో దీనిని ప్రయోగమున జూపెను. కాని యొక్క డిగ్రీ భేదమునకు నూటికి మించిన వాయుమండలముల యొత్తిడి కావలెను! అంత శ్రమపడి కరగించినను, చలిలో నొత్తిడి తీసినంతనే మరల గడ్డకట్టును. మన నిర్బంధమునకు జడిసి సహపంక్తి భోజనమునకు వచ్చి, యింటికేగి తలస్నానము చేసినవారిని మన పెద్ద లెఱుగుదురు.