కొండా, గుడీ, మనిషీ

మన గూడేల్లో ఇప్పుడు ఒకే ఇంట్లో రెండు దారులున్నాయి. అన్న కొండదేవతకు కొర్రకొత్త పండగ చేస్తాడు. తమ్ముడు ఆదివారం ప్రార్థనకు వెళతాడు. దేవుడు ఏ చోట ఉంటాడన్నదే ఇద్దరి తగువు.

ఈ తగువు మనతో మొదలు కాలేదు. ఆరాధన యెరూషలేము దేవాలయంలోనే జరగాలని యూదులు అన్నారు. సమరయులు గెరిజీము కొండే పవిత్రమన్నారు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం చివర్లో యూదుల పాలకుడు హిర్కాను ఆ కొండ మీది గుడిని కూల్చాడు. ఆ పగ చల్లారని రోజుల్లోనే బావి దగ్గర ఒక సమరయ స్త్రీ యేసు ముందు ఈ మాట ఎత్తింది. ఈ కొండ మీదా కాదు, యెరూషలేములోనూ కాదు, ఆత్మతో, సత్యంతో ఆరాధించే కాలం వచ్చిందని ఆయన చెప్పినట్టు యోహాను సువార్త 4వ అధ్యాయంలో ఉంది.

యెరూషలేము గుడిలో అడుగడుగునా హద్దులే. అన్యులు దాటితే చావేనని గ్రీకులో చెక్కిన రాయి 1871లో దొరికింది. అతి పరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్క రోజే వెళ్లేవాడు. యేసు చనిపోయినప్పుడు గుడి తెర చిరిగిందని సువార్తలు, మధ్యగోడ కూలిందని ఎఫెసీయుల పత్రిక చెబుతాయి. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆ గుడినే నాశనం చేసింది. కొత్త నిబంధనలో గుడి అంటే క్రీస్తు, ఆయన్ని నమ్మిన మనుషులు. పేతురు పత్రిక వారిని సజీవమైన రాళ్లంటుంది.

ఇది విని మన తమ్ముళ్లు కొందరు "అయితే కొండలో ఏమీ లేదు, దేవత చెట్టు నరికినా తప్పులేదు" అంటున్నారు. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. గెరిజీమును కూల్చింది హిర్కాను. యేసు చేసింది వేరు, ఆ స్త్రీని తాగడానికి నీళ్లడిగాడు. పైగా మన పెద్దలకు కొండ అంటే దేవుణ్ణి మూసి ఉంచిన ఇల్లు కాదు. వాన, తిండి, పూర్వీకులు కలిసే చోటు. కట్టడం గురించి చెప్పిన మాట దానికి సరిగ్గా అతకదు.

గోడ కూలిందని నమ్మే తమ్ముడు అన్న ఇంట అన్నం ముట్టనంటే, మళ్లీ గోడ కట్టినట్టే. ప్రార్థనకు వెళ్లాడని తమ్ముణ్ణి బోరింగు దగ్గరికి రానివ్వకపోతే, పెద్దలు కడుతున్నదీ గోడే.

నమ్మకాలు వేరుగానే ఉండనిద్దాం. ఒకరి నీళ్లు ఒకరం తాగుదాం. బడిలో పిల్లలకు మనం ముందుగా నేర్పాల్సింది ఇదే.