లేదన్నది వేరు, తెలియదన్నది వేరు

పలమనేరు పక్క పల్లెల్లో తెల్లారకముందే పాలు పితుకుతారు. క్యాన్లలో కేంద్రానికి చేరిన పాలు చల్లబరిచే ట్యాంకులోకి వెళతాయి. పెద్ద డెయిరీల్లో ట్యాంకు మూత తీసి చూడక్కర్లేదు. లెవల్ ట్రాన్స్‌మిటర్ పాల మట్టాన్ని కరెంటుగా మార్చి ప్యానెల్లోని ఇన్‌పుట్ కార్డుకు పంపుతుంది. ట్యాంకు ఖాళీగా ఉంటే 4 మిల్లీయాంపులు, నిండితే 20. ఖాళీకి సున్నా పెట్టకపోవడంలోనే ఉంది తెలివంతా. తీగ తెగినా, 24 వోల్టుల సప్లై ఆగినా కరెంటు సున్నాకు పడిపోతుంది. ఖాళీ ట్యాంకుకూ సున్నానే గుర్తయితే, పాలు లేవా, కబురే రాలేదా అన్నది ఎవరికీ తేలదు.

ట్రాన్స్‌మిటర్ల నడవడికి నామూర్ సంఘం ఎన్‌ఈ 43 పేరుతో ఒక సిఫారసు చేసింది. 3.8 నుంచి 20.5 మిల్లీయాంపుల దాకా వచ్చేది కొలత. 3.6 గానీ అంతకు తక్కువ గానీ, 21 గానీ అంతకు ఎక్కువ గానీ వస్తే అది కొలత కాదు, లోపం ఉందన్న సూచన. తన సెన్సర్ చెడిందని పసిగట్టిన ట్రాన్స్‌మిటర్ కావాలనే ఈ హద్దు దాటుతుంది. నా మాట నమ్మొద్దని తానే చెబుతుంది.

ఇది ఇంజనీర్లు కొత్తగా పట్టుకున్న చిక్కు కాదు. కనబడకపోవడం ఎప్పుడు జ్ఞానమవుతుంది అని మన దార్శనికులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. వాళ్లకు ఇష్టమైన ఉదాహరణ కుండ. టెర్రకోటకు పేరుపడ్డ పలమనేరులో అది ఇట్టే అర్థమవుతుంది: నేల మీద కుండ లేదని మనకెలా తెలిసింది? ‘అనుపలబ్ధి’ అనే ప్రత్యేక ప్రమాణం వల్ల అన్నాడు మీమాంసకుడు కుమారిల భట్టు. వేరే ప్రమాణం అక్కర్లేదు, ఆ లేమిని కన్నే పట్టుకుంటుంది అన్నారు నైయాయికులు. తర్కసంగ్రహం రాసిన మన తెలుగువాడు అన్నంభట్టుదీ ఈ పక్షమే. ఇంత గట్టిగా విభేదించినవాళ్లు ఒక్క షరతు దగ్గర మాత్రం కలిశారు. కుండ ఉండి ఉంటే కనబడి తీరాలి. వెలుతురుండాలి, కన్ను బాగుండాలి, అడ్డేమీ ఉండకూడదు. చీకటి గదిలో కుండ కనబడకపోతే అక్కడ కుండ లేదని తేలినట్టు కాదు. ఈ షరతునే యోగ్యత అన్నారు.

హద్దు దాటిన రీడింగుకు కారణం వెతికే టెక్నీషియన్ చేసేది యోగ్యతా పరీక్షే. సీమెన్స్ కార్డుల్లో 4 మిల్లీయాంపులకు 0, 20కి 27648 వస్తుంది. తెర మీద 32767 కనబడితే కరెంటు పై హద్దు దాటి ఉండొచ్చు. కొన్ని అమరికల్లో తీగ తెగినా అదే అంకె వస్తుంది. ఆ అంకెను చూసి ట్యాంకు పొంగుతోందనుకుంటే పొరపాటు. అందుకే అతను టెర్మినల్ దగ్గర తీగ విప్పి, మల్టీమీటరును లూపులో వరసగా కలిపి, అసలు కరెంటు ఎంతో చూస్తాడు. తర్వాత లూప్ క్యాలిబ్రేటరుతో కార్డుకు 12 మిల్లీయాంపులు ఇస్తాడు. 13824 చుట్టుపక్కల వస్తే కార్డు బాగున్నట్టే. ఇక జంక్షన్ బాక్సులో చెమ్మ, వదులైన స్క్రూ, తారుమారైన ప్లస్ మైనస్, చెడిన సెన్సర్ ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి.

కుమారిలుడి మతంలో జ్ఞానం తనంతట తాను ప్రమాణమే. దాన్ని రెండే కాదనగలవు: వస్తువు వేరుగా ఉందని తర్వాత తెలియడం, లేదా జ్ఞానం కలిగించిన సాధనంలోనే దోషం బయటపడడం. హద్దు దాటిన కరెంటు రెండో కోవలోది. దానికంటే ప్రమాదకరమైంది హద్దు లోపలి అబద్ధం. కార్డును పొరపాటున 0–20 పరిధికి పెడితే ఖాళీ ట్యాంకు 20 శాతం నిండినట్టు కనబడుతుంది. ఏ అలారమూ మోగదు.

యోగ్యత లేని చోట మౌనాన్ని నమ్మితే ఏమవుతుందో విశాఖపట్నం చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్‌లోని ఎం6 ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఎగజిమ్మింది. ప్రభుత్వ ఉన్నత స్థాయి కమిటీ నివేదిక ప్రకారం 12 మంది చనిపోయారు. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే కొలుస్తున్నారని, మధ్య పొరల్లో, పై పొరల్లో కొలిచే ఏర్పాటే లేదని ఆ కమిటీ గుర్తించింది. పైన వేడి పెరుగుతున్న సంగతి చెప్పే సాధనమే అక్కడ లేదు.

కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేయించే ఆచారం ఈ సీమలో నేటికీ ఉంది. ‘ఆ రాత్రి చేనులో ఎవరినీ చూడలేదు’ అని ఒకడు ప్రమాణం చేశాడనుకుందాం. దాంతో అతని నిజాయితీ తేలుతుంది. ఆ రాత్రి వెన్నెల ఉందా, అతను నిలబడ్డ చోటి నుంచి చేను కనబడుతుందా అన్నది మాత్రం తేలదు. ఆ ప్రశ్న పెద్దమనుషులే అడగాలి.

అలాగని హద్దు దాటినదంతా దోషమని కొట్టెయ్యడానికీ లేదు. అంటార్కిటికా హాలీ కేంద్రంలో ఓజోన్ బాగా తగ్గిపోయిందని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ 1985లో నేచర్ పత్రికలో రాశారు. నాసా నింబస్-7 ఉపగ్రహానికీ అలాంటి కొలతలే అందాయి. కానీ 180 డాబ్సన్ యూనిట్లకు తక్కువ వస్తే అనుమానించాలన్న నియమం వల్ల వాటి మీద సందేహపు గుర్తు పడింది. సాధనం బాగానే ఉంది, మారిపోయింది ఆకాశం.

కాబట్టి అలారం గోల తట్టుకోలేక కార్డులో తీగ తెగుదల హెచ్చరికను ఆపెయ్యడం, పాత రీడింగునే తెర మీద నిలిపి ఉంచడం చిన్న తప్పులు కావు. తెలియదని చెప్పగలిగిన సాధనం నోరు నొక్కడమే అది. ఆపక తప్పని పరిస్థితి వస్తే, ఎవరు ఆపారు, ఎప్పుడు, ఎందుకు అన్నది షిఫ్టు పుస్తకంలో రాయాలి. తర్వాతి షిఫ్టు మనిషి ఆ ట్యాంకు దగ్గరికి నడిచివెళ్లి మట్టం కళ్లతో చూసుకోవాలి.